కాగితమంత ఎడం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు నా మంచం అంచున కూర్చుని గోళ్ళకు రంగు వేసుకుంటోంది. సీసా మూత తీయగానే ఆ ఘాటు వాసన నా ముక్కుకు తగిలింది. అరచేతులకు చెమట పట్టింది. డెబ్భై దాటిన మనిషి గోళ్ళ రంగు వాసనకు భయపడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకుంటాను, కాకపోతే ముందు భయపడి ఆ తర్వాత నవ్వుకుంటాను. ఆ వాసన వస్తే చాలు, భవానీపురంలో కామేశ్వరి గారి హాలూ, ముసురు పట్టిన ఒక ఆదివారమూ, ఒక మంచి పనివాడి ముఖం మీదే నేను ఆడిన అబద్ధమూ కళ్ళ ముందుకొస్తాయి.

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. బ్యారేజీ మీద నడవాలంటే భయం, బస్సులో కండక్టరును చిల్లర అడగాలంటే భయం, గట్టిగా తుమ్మాలన్నా భయమే. మా నాన్న రైల్వేలో గుమాస్తా, మా చర్చి సంఘంలో పెద్ద. మా సంఘంలో ఆడవాళ్ళు బొట్టు, నగలు, పూలు పెట్టుకోరు. ఆదివారం ఆరాధనలో నా జడకు కట్టిన రిబ్బను కాస్త వెడల్పుగా ఉందని ఒకసారి ఇంటికి కబురొచ్చింది. అలాంటి ఇంటి నుంచి డిగ్రీ పాసై, ఇరవై రెండో ఏట ఒక ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. డెబ్భైల చివరి రోజులవి. ఆ ల్యాబుకు పెద్ద కామేశ్వరి గారు. చిన్న వయసులోనే భర్త పోయారు. తెల్లటి నేత చీర, వెనక్కి బిగించి ముడేసిన జుట్టు, మాట తక్కువ. ఆ గదిలో బొట్టు లేని నుదుళ్ళు మా ఇద్దరివే. కారణాలు మాత్రం వేరు.

చేరిన మొదటి వారంలోనే థర్మామీటరు పగలగొట్టాను. పాదరసం బల్ల మీద పూసల్లా దొర్లుతుంటే ఏడుపొచ్చేసింది. కామేశ్వరి గారు వచ్చి చూశారు. తిట్టలేదు. ఒక కాగితం మడిచి నా చేతికిచ్చి, "ఎత్తు. చేత్తో ముట్టుకోకు," అన్నారు. అంతా ఎత్తి సీసాలో పోసేదాకా పక్కనే నిలబడ్డారు. సాయం చేయలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆ నిలబడటం నాకు తిట్టుకన్నా భయంగా తోచింది. అదేమిటో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది.

ఆవిడకొక వింత వ్యసనం ఉండేది, బుల్లి కార్ల రేసు. ఆవిడ తమ్ముడు ఓడలో రేడియో ఆఫీసరు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు ఒక పెట్టెడు సరంజామా తెచ్చాడు. అరచేతిలో పట్టే కార్లు రెండు, నడవడానికి గాడి ఉన్న దారి ముక్కలు, కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు. కారు పొట్ట కింద నాలుకలాంటి పిన్ను ఒకటి ఉంటుంది. అది గాడిలో దిగి నడుస్తుంది. గాడికి అటూ ఇటూ ఉన్న రాగి పట్టీల నుంచి కరెంటు మోటారుకు అందుతుంది. చేతిలో మీట నొక్కితే కారు పరిగెడుతుంది, వదిలితే ఆగుతుంది. వేగం మీద అలాగే మలుపులోకి వెళితే ఎగిరి అవతల పడుతుంది. ఆవిడ ఆ చిన్న దారితో ఊరుకోక వడ్రంగి చేత ప్లైవుడ్ మీద గాడి కోయించి, హాలంతా పట్టే దారి వేయించారు. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరు ముగ్గురు లెక్చరర్లు, వీధి చివర రేడియో మెకానిక్కు, నేను అక్కడ చేరేవాళ్ళం. చర్చి అయ్యాక ట్యూషన్‌కని చెప్పి వెళ్ళేదాన్ని. అదో భయం.

ముందు చక్రాల సంగతి కామేశ్వరి గారు నాకు నేర్పింది అక్కడే. కారును అద్దం పలక మీద పెట్టి, "ఈ కారుని నడిపేవి ఏ చక్రాలు?" అని అడిగారు.

"వెనకవండి. మోటారు వాటికే ఉంది కదా."

"మలుపు తిప్పేది?"

"కింద పిన్నండి."

"మరి ముందు చక్రాలెందుకు?"

ఆవిడ గోడకున్న క్యాలెండరు నుంచి ముందురోజు కాగితం చింపి, సన్నటి పీలిక చేసి ముందు చక్రం కింద దూర్చారు. పీలిక దాదాపు ఏమీ తగలనట్టు అవతలికొచ్చింది.

"ఇదీ కొలత. నేలకి నొక్కుకుంటే పిన్ను పైకి లేచి గాడి వదిలేస్తుంది. మరీ పైనుంటే మలుపులో కారు ఒరిగినప్పుడు ఇవి దాన్ని అందుకోలేవు. తిన్నని దారిలో వీటికి పనేం లేదు. పడిపోబోయేటప్పుడే పని. అప్పటిదాకా కాగితమంత ఎడంలో ఊరికే ఉండాలి."

తర్వాత మీట నా చేతిలో పెట్టారు. నేను ప్రతి మలుపుకూ గజం ముందే వేలు తీసేసేదాన్ని. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "భయపడేవాళ్ళే ముందు చూసుకుంటారు. ఇకనుంచి మన కారు కరుణ నడుపుతుంది," అన్నారు. నా భయానికి ఎవరైనా ఒక ఉపయోగం చెప్పడం నా బతుకులో అదే మొదలు.

ఏడాదికి ఆ పెట్టెతో వచ్చిన ముందు చక్రాలు అరిగిపోయాయి. పైదేశపు విడిభాగాలు ఇక్కడ దొరికే రోజులు కావవి. అప్పుడు కామేశ్వరి గారికి కొండపల్లి గుర్తొచ్చింది. బొమ్మలు చేసే పొణికి కర్ర దూదంత తేలిక, ముందు చక్రానికి కావలసింది అదే. వెంకట్రాజు అనే పనివాడిని పట్టుకున్నారు. నలభై ఏళ్ళుంటాయి. ఏనుగు అంబారీలూ, ఎడ్లబండ్లూ చేసే చేతులతో ఆయన, కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే తరిమెన మీద గుండీలంత చక్రాలు పట్టి ఇచ్చాడు. ఇస్తూ ఒక మాట చెప్పాడు.

"కర్రని నేను సన్న సెగ మీద బాగా కాచే ఇచ్చానమ్మగారూ. అయినా పొణికి దాహం పోదండి. గాలిలో తేమున్నా తాగేసుద్ది. పైన పూత మాత్రం గట్టిగా పడాలి."

ఆ పూత గోళ్ళ రంగు. తమ్ముడి పెట్టెలోనే ఒక ఎర్ర సీసా ఉంది. ఆ ఆటగాళ్ళు ముందు చక్రాలకు దాన్నే పూస్తారట, నున్నగా జారతాయని. మా చక్రాలకు అది జారుడూ అయింది, తేమకు అడ్డూ అయింది. మూడు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి. ఆ పని నాది. ఆదివారాలు నా వేళ్ళకంటిన ఎరుపును ఇంటికెళ్ళే ముందు చర్మం మండేదాకా రుద్దుకునేదాన్ని.

ఇలా ఉండగా ఆ రేడియో మెకానిక్కు ద్వారా మద్రాసు నుంచి ఒక ఆటవస్తువుల వ్యాపారి వచ్చాడు. అక్కడ ఇలాంటి కార్లు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారట, చక్రాలు దొరక్క అల్లాడుతున్నారట. పై ఆదివారం మళ్ళీ వస్తానన్నాడు. తన కారు పక్కన మా కారు యాభై చుట్లు ఎగిరిపడకుండా తిరిగితే ప్రతి నెలా వెంకట్రాజు దగ్గర చక్రాలు కొంటానన్నాడు. ఆ కబురు విన్న వెంకట్రాజు రెండు రోజుల్లో కొత్త చక్రాలు పట్టుకొచ్చాడు. బొమ్మలు అమ్ముడుపోవడం లేదు. వాళ్ళ వీధిలో సగంమంది ఉలి పక్కన పెట్టి, కడుతున్న థర్మల్ స్టేషన్‌లో కూలికి వెళ్తున్నారు. "ఇది కుదిరితే నేను పోనక్కర్లేదమ్మా," అని నాతో అన్నాడు. ఆవిడతో కాదు, నాతో. చక్రాలకు పూత వేసేది నేనని ఆయనకు తెలుసు.

ఆ వారం కొత్త చక్రాలు గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పూత వేద్దామని చూస్తే సీసాలో అడుగున ఎండిన జిగురు మాత్రం ఉంది. కామేశ్వరి గారు పర్సు తీసి డబ్బిచ్చి, "వన్‌టౌన్‌లో ఫ్యాన్సీ కొట్టుంది. వెళ్ళి ఇలాంటిదే పట్రా," అన్నారు. ఆ మాట నా ముఖం చూడకుండా, బల్ల సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు అన్నారు. సొరుగులో విప్పని పిన్నీసుల అట్టలు మూడు కనిపించాయి. ఒక్క చిన్న మేకునైనా దాచుకుని మళ్ళీ వాడే మనిషికి అన్ని పిన్నీసులెందుకో అనుకున్నాను, అంతే.

శుక్రవారం సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. గాజుల పెట్టెల వెనక, అద్దాల అరలో సీసాలు వరసగా కనిపిస్తున్నాయి. "ఎర్రది ఒకటివ్వండి" అనడమే తరువాయి. నోరు తెరవబోతుంటే పక్కన గొడుగు బేరమాడుతున్న మనిషి నా వైపు తిరిగాడు. మా సంఘంలో నాన్న తర్వాతి పెద్ద, యోహాను గారు.

"వందనాలు కరుణమ్మా. ఏంటి ఇక్కడ? ఏం కొంటున్నావు?"

"వందనాలండీ. ఏం లేదండి. ఊరికే."

ఊరికే ఫ్యాన్సీ కొట్టుకు ఎవరొస్తారు? నా చెవులు మండిపోయాయి. అక్కడి నుంచి ఎలా బయటపడ్డానో, బస్సెలా ఎక్కానో తెలియదు. ఎర్ర సీసా చేత పట్టుకుని నేను నాన్న ముందు నిలబడ్డట్టూ, ఇది కారు చక్రాలకు నాన్నా అంటుంటే ఎవరూ నమ్మనట్టూ ఊహించుకుని వణికిపోయాను. శనివారం కెమిస్ట్రీ ల్యాబు నుంచి కాస్త అసిటోన్ తెచ్చి ఆ ఎండిన జిగురును కరిగించాను. ఒక్క పూత పడింది, అదీ అక్కడక్కడా. క్యాలెండరు పీలిక దూర్చి చూశాను, సరిగ్గా ఉంది. సరిపోతుందిలే అనుకున్నాను. మనసుకు తెలుసు సరిపోదని.

కామేశ్వరి గారు చక్రం వెలుతురుకు పట్టుకుని చూశారు. "రంగు పలచగా ఉందే?"

"మూడు పూతలేనండి."

ఆవిడ చక్రం మరోసారి తిప్పి చూశారు. ఏదో అడగబోయినట్టే ఉంది. చక్రం బల్ల మీద పెట్టేసి, మిగిలిన డబ్బు కూడా అడక్కుండా లోపలికి వెళ్ళిపోయారు.

శనివారం రాత్రి ముసురు పట్టింది. ఆదివారం మధ్యాహ్నానికి ఆవిడ హాల్లో గోడలు కూడా చెమ్మగా ఉన్నాయి. గోడమీది క్యాలెండరు కాగితాలు మెత్తబడి వంకర్లు పోయాయి. మద్రాసాయన కుర్చీలో కూర్చున్నాడు. వెంకట్రాజు ఉతికిన చొక్కా వేసుకొచ్చి, రమ్మన్నా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మీట పట్టుకున్న నా బొటనవేలు జారిపోతోంది.

మొదటి పది చుట్లు బాగానే తిరిగింది. తర్వాత కారు ముందు భాగం సన్నగా గెంతడం చూశాను. ఎవరికీ కనిపించేది కాదు, నాకు కనిపించింది. చక్రాలు తేమ తాగి ఉబ్బుతున్నాయి, గుండ్రం పోతోంది. కింద పిన్ను కొంచెం కొంచెంగా గాడిలోంచి లేస్తోంది. అప్పుడే ఆపి ఉండాల్సింది. ఆపితే ఎందుకని అడుగుతారు. అడుగుతారన్న భయంతో నొక్కుతూనే పోయాను. కిటికీ పక్క మలుపులో కారు లేచి గోడకు కొట్టుకుంది. ఎత్తి పెట్టారు. మళ్ళీ అదే మలుపులో లేచింది. మూడోసారికి మద్రాసాయన మర్యాదగానే లేచి, "చెక్క చెక్కేనండీ. మన వానలకి ఆగదు," అని గొడుగు తీసుకున్నాడు.

వెంకట్రాజు లోపలికొచ్చి చక్రం ఊడదీసి బొటనవేలితో తడిమాడు. "పూత మూడుసార్లూ పడిందా అమ్మా?" అని నన్నడిగాడు. కామేశ్వరి గారు నా వైపు చూశారు. అందరూ చూశారు.

"పడిందండి," అన్నాను.

ఆయన తల ఊపాడు. "అయితే నా కర్రే సరిగ్గా కాగలేదు. చేతి లెక్క తప్పింది నాకు," అని, ఆ చక్రం జేబులో వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. కోపం లేదు, అనుమానం లేదు. నా మాట అంత తేలిగ్గా నమ్మేశాడు. ఆ నమ్మడం నన్ను మూడు రోజులు అన్నం తిననివ్వలేదు.

బుధవారం ల్యాబులో పిల్లలు వెళ్ళిపోయాక కామేశ్వరి గారి బల్ల ముందు నిలబడ్డాను. చివరికి కొట్టు సంగతి, యోహాను గారి సంగతి, ఒక్క పూత సంగతి మొత్తం కక్కేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మద్రాసాయన సోమవారం బండికే వెళ్ళిపోయాడని చెప్పారు. తర్వాత, "ఇది చెప్పాల్సింది నాకు కాదు కదా," అన్నారు.

"నా వల్ల కాదండి. ఆయన ముఖం చూడలేను."

"కాదనే అనిపిస్తుంది. పద, నేనూ వస్తా. మాట్లాడేది మాత్రం నువ్వే."

ఇద్దరం కొండపల్లి బస్సెక్కాం. వెంకట్రాజు ఇంటి అరుగు మీద తరిమెనకు గోనెపట్టా కప్పి ఉంది. ఎండబెట్టిన పొణికి దుంగలు పొయ్యి పక్కన పేర్చి ఉన్నాయి, వంటచెరకుగా. ఆయన భార్య నీళ్ళిచ్చింది. నేను మొదలుపెట్టాను. "ఆ రోజు మూడు పూతలన్నాను కదండీ," అని అక్కడ ఆగిపోయాను. ఇంకొక్క క్షణముంటే ఏదో సాకు చెప్పి వీధిలోకి పరిగెత్తేదాన్ని. అప్పుడు కామేశ్వరి గారు నా పక్కకు అర అడుగు జరిగారు. ముట్టుకోలేదు. ఒక్క మాట అందించలేదు. ఆవిడ చీర గంజి వాసన మాత్రం తెలిసింది. అంతే, మిగతాది చెప్పగలిగాను.

నేను ముగించాక ఆవిడ కూడా నోరు విప్పారు. "పలచగా ఉందని నేను చూశాను వెంకట్రాజూ. చూసి ఊరుకున్నాను. తప్పులో సగం నాది."

వెంకట్రాజు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆర్డరు పోయిన సంగతి అడుగుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్ళి ఒక దుంగ చేతిలోకి తీసుకున్నాడు.

"అంటే కర్ర బాగానే కాగిందన్నమాట," అన్నాడు. "నా చెయ్యి పోలేదన్నమాట." అని భార్య వైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. ఆమె దుంగలన్నీ ఒక్కొక్కటే పొయ్యి పక్క నుంచి తీసి లోపల పెట్టడం మొదలుపెట్టింది.

మద్రాసుకు కామేశ్వరి గారు ఉత్తరం రాశారు, పూత వేసిన చక్రాలు కూడా పంపారు. జవాబు రాలేదు. వెంకట్రాజు ఆ వేసవిలో థర్మల్ స్టేషన్ కూలికి వెళ్ళక తప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల వాలిపోతుంది. అయితే తరిమెన మీద గోనెపట్టా మాత్రం మళ్ళీ కప్పలేదట. పని నుంచి వచ్చి, వెలుగున్నంతసేపు బొమ్మలు చేసేవాడట.

ఆ రోజు తిరుగు బస్సులో అడిగాను. "పలచగా ఉందని తెలిసీ ఎందుకూరుకున్నారండీ?"

ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. "గట్టిగా అడిగితే సీసా లేదనేదానివి. అప్పుడు కొట్టుకి నేను వెళ్ళాల్సి వచ్చేది." మళ్ళీ ఆవిడే అన్నారు. "సీసా అడుగంటుతోందని చూసి, నిన్ను పంపకముందే మూడుసార్లు వెళ్ళాను కరుణా. విధవ ముండ గోళ్ళ రంగు అడిగితే ఆ కొట్టువాడు ఎలా చూస్తాడో అనుకునేదాన్ని. ఏం కావాలమ్మా అంటాడు. పిన్నీసులు అనేదాన్ని."

నాకు సొరుగులోని మూడు అట్టలు గుర్తొచ్చాయి. కాలేజీ మొత్తం హడలిపోయే మనిషి. ఆవిడకూ నా జబ్బే. నన్ను కొట్టుకు పంపింది నా మీద నమ్మకంతో కాదు, తన భయంతో. ఆ మాట వినగానే కోపం రావాల్సింది. రాలేదు. జీవితంలో మొదటిసారి నాకు ఒంటరిగా అనిపించలేదు.

బస్సు దిగి వన్‌టౌన్‌కే వెళ్ళాం. ఫ్యాన్సీ కొట్టువాడు "ఏం కావాలమ్మా?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచారు, మూశారు. ఆవిడ చేతివేళ్ళు కొంగు అంచును నలుపుతున్నాయి. నేను అర అడుగు ఆవిడ పక్కకు జరిగాను. ముట్టుకోలేదు. కొట్టులో ఎవరున్నారో చూడలేదు.

"గోళ్ళ రంగు," అన్నారు కామేశ్వరి గారు. "ఎర్రది."

ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయింది. నా పిరికితనం పోలేదు, అది నాతోనే వస్తుంది. కానీ ఆస్పత్రిలో డాక్టరు గది ముందు కాళ్ళాడక నిలబడ్డవాళ్ళను చూసినా, వాళ్ళ నాన్నకు ఏదో చెప్పాలంటూ మా మనవరాలు గుమ్మం దగ్గర తచ్చాడుతున్నా, నా చేతిలో పని వదిలేసి లేస్తాను. వెళ్ళి పక్కన నిలబడతాను. మాట్లాడాల్సింది వాళ్ళు. నేను కాగితమంత ఎడంలో ఉంటాను.